ఏ పేజీలో ఆపావో చెప్పు, పుస్తకం నేను చెప్తాను

తమ్ముడూ, డ్యూన్ మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ అరవయ్యో పేజీ దగ్గరే ఆపేశానని, సైన్స్ ఫిక్షన్ నాకు పడదేమోనని రాశావు. ఒంగోలు హాస్టల్లో పదిమంది కలిసి నెలకో పుస్తకం చదువుదామనుకుంటున్నాం, ఏవి పెట్టుకోవాలో చెప్పమన్నావు. చివర్లో "అసలు స్టీమ్‌పంక్ అంటే ఏందక్కా" అని అడిగావు. మూడూ కలిపే చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఈ సలహాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పాలి. కావలిలో మా నాన్న పెట్టిన అద్దె పుస్తకాల షాపును 1992 నుంచి 2010 దాకా నేనే నడిపాను. ముందు వరసలో వారపత్రికలు, తెలుగు నవలలు. వెనక గోడకు ఇంగ్లీషు పుస్తకాలు, అవన్నీ మద్రాసు సెంట్రల్ స్టేషన్ దగ్గర పాత పుస్తకాల కొట్లలో ఏరుకుని సంచుల్లో మోసుకొచ్చినవి. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరైనా "బాగుందమ్మా" అనే అంటారు, మొహమాటం. కానీ ఆ పుస్తకంలో నలభయ్యో పేజీ దగ్గర ఆర్టీసీ బస్సు టికెట్టు ఉండేది, లేదా అగ్గిపుల్ల, లేదా పేజీ మూల మడిచి ఉండేది. అంటే అక్కడ ఆగారు. నేను ఏమీ అడిగేదాన్ని కాదు, ఖాతా పుస్తకంలో వాళ్ల పేరు పక్కన పెన్సిల్‌తో ఆ పేజీ నంబరు వేసుకునేదాన్ని. రెండు మూడేళ్లు అలా వేశాక నాకు ఒక సంగతి తెలిసింది. నీకేం ఇష్టం అని అడిగితే మనుషులు చెప్పే జవాబు కన్నా, ఎక్కడ ఆపారో చూస్తే తెలిసేది చాలా ఎక్కువ. ఇష్టం గురించి అడిగితే నలుగురూ మెచ్చుకునే పేరు చెప్తారు. ఆగిన పేజీ అలా కాదు.

మొదటి పది పదిహేను పేజీల్లోనే ఆగితే అది చాలావరకు భాష సమస్య, ఆ ఇంగ్లీషు బరువుగా ఉంది, అంతే. సగంలో ఆగితే ఆ చదివే మనిషికి కావాల్సింది ఆ పుస్తకంలో లేదు, వాళ్లు మనుషుల కోసం వెతుకుతుంటే రచయిత యంత్రాల గురించి చెప్తున్నాడు, లేదా దానికి తిరగేసి. యాభైకీ ఎనభైకీ మధ్యలో ఆగితే మాత్రం వేరే కథ. అక్కడ ఆగేవాళ్లలో చాలామంది చురుకైనవాళ్లు, క్లాసులో బాగా చదివేవాళ్లు. నువ్వు అరవై దగ్గర ఆగావు కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

డ్యూన్ ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన నవల, ఒక ఎడారి గ్రహం మీద జరిగే కథ, 1965లో వచ్చింది. ఇరవై మందికి పైగా ప్రచురణకర్తలు వద్దన్నాక, కార్ల రిపేరు పుస్తకాలకు పేరున్న ఒక సంస్థ దాన్ని అచ్చువేసింది. ఆ వద్దన్నవాళ్లను నేను పెద్దగా తప్పు పట్టను. మొదటి అధ్యాయంలోనే బెనె గెస్సెరిట్, గోమ్ జబ్బార్, క్విసాట్జ్ హాడెరాక్ అని ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, ఏ ఒక్కదానికీ అక్కడే నిలబడి అర్థం చెప్పడు. ఇంటర్ నుంచి మనకు అలవాటైన చదువు ఏమిటి? అర్థం కాని పదం వస్తే ఆగు, అండర్‌లైన్ చెయ్యి, అది తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. పరీక్షకు అది సరైన పద్ధతే. ఇలాంటి నవలకు ఆ పద్ధతి పట్టుకుంటే అరవై పేజీలకు తలలో అరవై పదాలు తేలకుండా మిగిలిపోతాయి, ఆ బరువుతో ఎవరైనా కూర్చుండిపోతారు. కొత్త కోడలు అత్తగారింట్లో అడుగుపెట్టిన రోజే ఎవరు ఎవరికి ఏమవుతారో అన్ని వరసలూ తేల్చుకోవాలనుకోదు కదా. పిన్ని అనమంటే పిన్ని అంటుంది, నాలుగు రోజులు పోతే ఆ పిన్ని ఎవరి చెల్లెలో, ఎవరితో మాటల్లేవో తనకే తెలిసిపోతుంది. ఈ నవలల్లో కూడా అంతే, తెలియని మాటను పక్కన పెట్టుకుని ముందుకు నడవాలి. రచయిత కావాలనే ఆలస్యంగా చెప్తాడు, మనం కనిపెట్టే సంతోషం అందులోనే ఉంది.

మా తరానికి ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చింది, చందమామ వల్ల. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, 1954లో తోకచుక్కతో మొదలై ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, భల్లూక మాంత్రికుడు, అలా ఏళ్ల తరబడి వచ్చాయి, వాటికి చిత్రా గారి బొమ్మలు. ఇంట్లో ఉన్న పాత బైండు పుస్తకాల్లో కొన్నిటికి మొదటి భాగాలే ఉండేవి కావు, ఎవరు ఎక్కడి నుంచి ఎందుకు పారిపోతున్నారో తెలియకుండానే మధ్యలోంచి చదివేవాళ్లం. ఒక్కరోజు కూడా అది కష్టంగా అనిపించలేదు. ఫాంటసీ మనకు పరాయిది అనేవాళ్లతో నేను అసలు ఒప్పుకోను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు ఈసీఈ అన్నావు, శ్రీహరికోట నుంచి రాకెట్ పోతుంటే మేడ ఎక్కి చూస్తానన్నావు. నీకు ముందు ఇవ్వాల్సింది డ్యూన్ కాదు, ఆండీ వీర్ రాసిన ది మార్షియన్. ఆయన దాన్ని మొదట తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయంగా పెట్టుకుంటూ పోయాడు, 2011లో సొంతంగా ఈ-బుక్ చేశాడు, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. అంగారకుడి మీద ఒక్కడే మిగిలిపోయిన మనిషి నీళ్లు ఎలా చేసుకున్నాడు, బంగాళాదుంపలు ఎలా పండించాడు, ఎన్ని రోజులకు ఎన్ని కేలరీలు కావాలి, ఇదంతా లెక్క వేసి చూపిస్తాడు. అందులో ప్రతి సమస్యా మన ల్యాబ్ ఎక్స్‌పరిమెంట్‌లాగే ఉంటుంది, ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. భాష కూడా చాలా తేలిక, డైరీలాగా రాశాడు. ఇంకో మాట, అందులో మొదట్లో వచ్చే గాలి తుఫాను సైన్సు ప్రకారం తప్పు. అక్కడి వాతావరణ పీడనం మన భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా లేదు, అంత పలచని గాలి రాకెట్‌ను ఒరిగేలా తొయ్యలేదు. ఆ సంగతి రచయితే ఒప్పుకున్నాడు, కథ మొదలవ్వాలి కాబట్టి పెట్టుకున్నాను అన్నాడు. మీ పదిమందిలో ఎవరో ఒకరు దీన్ని పట్టుకుంటారు, ఆ రోజు మీ హాస్టల్లో చర్చ బాగుంటుంది. అదే రచయిత ప్రాజెక్ట్ హెయిల్ మేరీ 2021లో వచ్చింది, నాకు అది ఇంకా ఇష్టం. దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పను, వెనక అట్ట మీద రాసింది కూడా చదవకుండా మొదలుపెట్టు.

ఆ తర్వాత ఆర్థర్ సి. క్లార్క్ రాసిన రాందెవూ విత్ రామా, 1973. సౌర మండలంలోకి యాభై కిలోమీటర్ల పొడుగున్న ఒక స్తూపం, అంటే లోపల బోలుగా ఉండే సిలిండర్, దూసుకొస్తుంది. అప్పటికి గ్రీకు, రోమన్ దేవుళ్ల పేర్లన్నీ అయిపోయి శాస్త్రవేత్తలు మన దేవుళ్ల పేర్లు వాడుకుంటున్నారు కాబట్టి దానికి రాముడి పేరు పెడతారు. మనుషులు దాని లోపలికి వెళ్లి చూస్తారు. కథ అంతే. విలన్ లేడు, యుద్ధం లేదు. మా షాపులో ఈ పుస్తకం ఇద్దరు ముగ్గురి దగ్గర సరిగ్గా సగంలో ఆగి తిరిగొచ్చింది, ఫైటింగ్ ఎప్పుడొస్తుందా అని చూసి చూసి వదిలేశారు. అదే పుస్తకాన్ని రైల్వేలో పనిచేసే ఒకాయన ఆరుసార్లు తీసుకెళ్లాడు. ఆ స్తూపం గుండ్రంగా తిరుగుతుంటే లోపలి గోడ మీద మనిషి ఎలా నిలబడగలడు, లోపలున్న సముద్రం ఎటు వంగి ఉంటుంది, అది ఆయనకు తీరని ముచ్చట. నువ్వు రెండో రకం మనిషివని నా నమ్మకం.

నేను చేసిన ఒక పొరపాటు చెప్తాను, అది మీ పదిమందికీ పనికొస్తుంది. 1997లోనో ఎప్పుడో, డిగ్రీ చదివే ఒక అబ్బాయి వచ్చి ఆదిత్య 369 లాంటి పుస్తకం ఏదైనా ఉందా అని అడిగాడు. ఆ సినిమా 1991లో వచ్చింది, తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన ఉదయగిరిలో పుట్టినవారు, కాబట్టి మా దగ్గర ఆ సినిమా అంటే కొంచెం సొంత అభిమానం కూడా ఉండేది. నేను అప్పుడు లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మైకంలో ఉన్నాను. ఆ అబ్బాయి అడిగింది పక్కన పెట్టి, ఇంతకన్నా గొప్ప పుస్తకం లేదు అని చెప్పి దాని మొదటి భాగం చేతిలో పెట్టాను. మూడు వారాల తర్వాత వాళ్ల తమ్ముడి చేత తిప్పి పంపాడు, టికెట్టు ముప్ఫయ్యో పేజీ దగ్గరే ఉంది. ఆ అబ్బాయి మళ్లీ షాపుకు రాలేదు. అతను అడిగింది కాలంలో ముందుకూ వెనక్కూ పోవడం గురించి. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ది టైమ్ మెషీన్ వంద పేజీల చిన్న పుస్తకం, ఆ సినిమాకు ప్రేరణ కూడా అదే, అప్పుడు నా వెనక గోడ మీదే ఉంది. ఎనిమిది లక్షల ఏళ్లు ముందుకు పోయి, మనుషులు రెండు జాతులుగా చీలిపోయి, పైన ఉన్నవాళ్లు తిని ఆడుకుంటుంటే నేల కింద ఉన్నవాళ్లు యంత్రాలు నడపడం, అది చదివి ఉంటే ఆ అబ్బాయి ఇంకో పది పుస్తకాలు చదివేవాడు. ఇది ఇప్పటికీ నాకు బాధే. ఎదుటివాళ్లు అడిగింది కాకుండా నాకు నచ్చింది ఇవ్వడం, పుస్తకాలు చెప్పేవాళ్లందరం చేసే తప్పు ఇదే, ఇంటర్నెట్‌లో కనిపించే "చనిపోయేలోపు చదవాల్సిన వంద" లిస్టులన్నీ చేసే తప్పు కూడా ఇదే.

అందుకని మీ గుంపులో మొదటి రెండు నెలలు నవల పెట్టొద్దు. కథలు పెట్టండి. ఐజాక్ అసిమోవ్ నైట్‌ఫాల్, 1941 నాటిది. ఆరు సూర్యుళ్లున్న గ్రహం, రెండు వేల ఏళ్లకు ఒక్కసారి మాత్రమే చీకటి పడుతుంది, ఆ రాత్రి మనుషులు ఏమవుతారు. అది చదివాక ఒకరోజు మేడ మీద కూర్చుని మాట్లాడుకోండి. దాంతోపాటు బేగం రోకెయా రాసిన సుల్తానాస్ డ్రీమ్. ఇది 1905లో అచ్చయింది, ఎక్కడో కాదు, మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. ఆ ఊళ్లో ఆడవాళ్లు బయట తిరుగుతూ యూనివర్సిటీలు నడుపుతారు, ఎండ వేడిని పట్టి ఉంచి వంట చేస్తారు, అదే వేడితో శత్రువుల సైన్యాన్ని తరిమేస్తారు, గాల్లో పోయే బండ్లలో తిరుగుతారు, మగవాళ్లేమో ఇంట్లో పరదాలో ఉంటారు. అరగంటలో అయిపోతుంది. మీ బ్యాచ్‌లో అమ్మాయిలు ఎవరైనా ఉంటే చర్చ వాళ్లను మొదలుపెట్టమను. మూడో నెలకు టెడ్ ఛియాంగ్ కథల పుస్తకం, స్టోరీస్ ఆఫ్ యువర్ లైఫ్ అండ్ అదర్స్, 2002, అందులో ఒక్క కథ తీసుకోండి చాలు. ఆయన కథలు పూట భోజనంలా గబగబా తినేవి కావు, ఒకటి చదివాక రెండు రోజులు ఆగాలి.

కలిసినప్పుడు "నచ్చిందా లేదా" అని అడిగితే గొంతు పెద్దగా ఉన్నవాళ్లే గెలుస్తారు. ఒక్కొక్కరూ ఏ పేజీలో ఆగారో చెప్పమను, పూర్తి చేసినవాళ్లను ఎక్కడ ఫోన్ తీసి చూసుకున్నారో చెప్పమను. సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ముందే చెప్పు. ముగ్గురు ఒకే చోట ఆగితే అది పుస్తకంలోని బలహీనత, ఒక్కరే ఆగితే ఆ ఒక్కరికీ ఇంకో పుస్తకం వెతకాలి. ఇది రాసి పెట్టుకుంటే ఏడాదికల్లా ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో నన్ను అడగాల్సిన అవసరం ఉండదు.

ఫాంటసీ విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో మొదటి పుస్తకం గురించి నాకు ఏ సందేహమూ లేదు. ఉర్సులా లె గ్విన్, ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ, 1968. దాదాపు రెండొందల పేజీలే. మంత్రం అంటే ఒక వస్తువు అసలు పేరు తెలుసుకోవడమే అక్కడ, అందుకే ఎవరూ తమ అసలు పేరు పైకి చెప్పరు, చెవిలో మంత్రం ఉపదేశించే సంప్రదాయం చూసిన మనకు అది వెంటనే తడుతుంది. హీరో ఒంటి రంగు ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు అని రచయిత్రి స్పష్టంగా రాసినా, అట్టల మీద చాలాకాలం తెల్లగానే వేశారు, ఆవిడ దానిమీద గట్టిగానే మాట్లాడింది. టోల్కీన్ కావాలంటే హాబిట్‌తో, అంటే 1937 పుస్తకంతో మొదలుపెట్టండి, పెద్దది, అంటే లార్డ్ ఆఫ్ ది రింగ్స్, ఆ తర్వాత. నవ్వుతూ చదవాలంటే టెర్రీ ప్రాచెట్, డిస్క్‌వరల్డ్ వరుసలో నలభై ఒక్క నవలలు ఉన్నాయి, భయపడకు, మొదటిది అక్కర్లేదు, గార్డ్స్! గార్డ్స్! తీసుకో. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ నవలల్లో ఐదోది 2011లో వచ్చింది, ఆరోది కోసం జనం ఏళ్లకేళ్లుగా ఎదురుచూస్తూనే ఉన్నారు. కథ ముగింపు లేకపోతే నిద్రపట్టని మనిషివైతే ఆ వైపు వెళ్లకు.

సరే, స్టీమ్‌పంక్. ఆవిరి యంత్రాల కాలం ఆగకుండా ఇంకా ముందుకు సాగి ఉంటే, పెట్రోలు, సిలికాన్ చిప్ రాకముందే మనుషులు పళ్ల చక్రాలతో, బాయిలర్లతో అన్నీ సాధించి ఉంటే ప్రపంచం ఎలా ఉండేది, ఆ ఊహతో రాసే నవలలు ఇవి. పేరు మాత్రం కొత్తదే, 1987లో కె.డబ్ల్యు. జీటర్ అనే రచయిత లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో, తనూ తన స్నేహితులూ రాస్తున్న విక్టోరియా కాలపు కథలకు ఏదో ఒక పేరు పెట్టాలి కదా అని ఈ మాట వాడాడు. అంతకుముందు ఆయన టైమ్ మెషీన్‌కు కొనసాగింపుగా కూడా ఒక నవల రాశాడు, అందుకే వెల్స్ ముందు చదవమంటున్నా. వెల్స్ కన్నా ముందు జూల్స్ వెర్న్. ఆయన ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీలో సముద్రం అడుగున నాటిలస్ అనే జలాంతర్గామి నడిపే కెప్టెన్ నీమో ఎవరనుకున్నావు? తర్వాత వచ్చిన మిస్టీరియస్ ఐలాండ్ నవలలో తేలుతుంది, ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, టిప్పు సుల్తాన్‌కు బంధువు, 1857లో ఇంగ్లీషువాళ్లతో పోరాడి అంతా పోగొట్టుకున్నవాడు. ఆ ఒక్క సంగతి తెలిశాక మొదటి పుస్తకం మళ్లీ తెరిస్తే నీమో కోపం అంతా వేరేగా కనిపిస్తుంది. వెర్న్ 1880లో ది స్టీమ్ హౌస్ అని ఇంకొకటి రాశాడు, ఒక ఉక్కు ఏనుగు ఆవిరితో నడుస్తూ రెండు ఇళ్లను లాక్కుంటూ ఉత్తర భారతమంతా తిరుగుతుంది. ఏనుగు అద్భుతం. కానీ 1857ను పూర్తిగా దొరల వైపు నుంచి చూసిన కథ అది, చదివేటప్పుడు నాకు చాలా చోట్ల మనసు కష్టమైంది.

స్టీమ్‌పంక్‌లో నన్ను పట్టి ఉంచేదీ, చికాకు పెట్టేదీ ఇదే. టోపీలు, గాగుల్స్, ఇత్తడి చక్రాలు, గాలి ఓడలు, అన్నీ ముచ్చటగా ఉంటాయి. ఆ బాయిలర్‌లో బొగ్గు ఎవరు వేస్తున్నారు? మన ఊళ్ల పక్కనే పోయే బకింగ్‌హామ్ కాలువ చూడు. దానికి ఆ పేరు మద్రాసు గవర్నర్‌గా ఉన్న బకింగ్‌హామ్ డ్యూక్ వల్ల వచ్చింది, మద్రాసులో అడయారును కూవంతో కలిపే ముక్కను 1877-78లో, ఘోరమైన కరువులో, కూటికి లేని జనం చేత తవ్వించారు. ఆ కాలాన్ని అందంగా చూపించే నవలలో ఆ పలుగు పట్టినవాళ్లు ఎక్కడో ఒకచోట కనిపించాలి. అలా కనిపించే పుస్తకాలే నేను చెప్తాను. నిసి షాల్ రాసిన ఎవర్‌ఫెయిర్, 2016, బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోను పీల్చి పిప్పి చేసిన కాలంలో అక్కడి మనుషులు ఆవిరి యంత్రాలతో తమ దేశం తాము నిలబెట్టుకోవడం. కొంచెం విడివిడిగా సాగుతుంది, ఓపిక కావాలి. పి. జెలి క్లార్క్ రాసిన ఎ మాస్టర్ ఆఫ్ జిన్, 2021, అయితే పరుగులు పెడుతుంది. 1912 నాటి కైరో, జిన్నుల సాయంతో ఈజిప్టు ఇంగ్లీషువాళ్లను ఎప్పుడో వెళ్లగొట్టేసింది, సూటు వేసుకుని తిరిగే ఫాత్మా అనే డిటెక్టివ్ ఒక హత్యల కేసు పట్టుకుంటుంది. నెబ్యులా అవార్డు కూడా వచ్చింది. మీ గుంపుకు స్టీమ్‌పంక్ నెలలో నేను పెట్టే పుస్తకం ఇదే.

ఇంకా తేలిగ్గా కావాలంటే స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ లెవయతన్, 2009, 1914 నాటి యుద్ధంలో ఒక పక్షం యంత్రాలు, ఇంకో పక్షం పెంచి తయారుచేసిన జంతువులు, లోపల బొమ్మలు కూడా ఉన్నాయి. ఫిలిప్ రీవ్ మోర్టల్ ఇంజన్స్, 2001, చక్రాల మీద తిరిగే నగరాలు చిన్న ఊళ్లను వేటాడి మింగేస్తుంటాయి. స్టీమ్‌పంక్ అనగానే అందరూ చెప్పే ది డిఫరెన్స్ ఇంజన్ మాత్రం, 1990, గిబ్సన్, స్టెర్లింగ్ కలిసి రాసింది, నువ్వు మొదట ముట్టుకోవద్దు. ఆలోచన చాలా గొప్పది, చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రాన్ని నిజంగా పూర్తిచేసి ఉంటే ఇంగ్లండు ఎలా మారేది అని. నిజంలో ఆయన పూర్తి చేయలేకపోయాడు, ఆయన గీసిన ప్లాన్ల ప్రకారం లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో కట్టి చూస్తే అది పనిచేసింది. కానీ నవల నడక గజిబిజిగా ఉంటుంది, నీ ఆగిన పేజీ మళ్లీ అరవయ్యే అవుతుంది.

ఒక కోరిక కూడా చెప్పేస్తాను. మీలో ఎవరికైనా రాసే అలవాటు ఉంటే మన వైపే ఒక స్టీమ్‌పంక్ కథ పెట్టండి. గూడూరు, సైదాపురం వైపు తవ్విన అభ్రకం ప్రపంచమంతా పోయింది, వేడికి తట్టుకుంటుంది కాబట్టి పొయ్యిల కిటికీలకు అద్దంలా దాన్నే బిగించేవాళ్లు, కరెంటు పరికరాల్లో ఇన్సులేషన్‌కూ అదే. ఆవిరి బాయిలర్, అభ్రకం కిటికీ, బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు మోసే పడవలు, పులికాట్ మీద దిగే ఫ్లెమింగోలు. లండన్ పొగమంచు మనకెందుకు?

కొనడం గురించి రెండు మాటలు. రోడ్డు పక్క అమ్మే చవక కాపీలు చాలావరకు దొంగ అచ్చువి, ఒకసారి అలాంటి కాపీలో క్లైమాక్స్ దగ్గర పదహారు పేజీలు లేక నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. వెల్స్, వెర్న్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతారు. వెర్న్ ఫ్రెంచివాడు, నీమో నవలకు 1870ల నాటి పాత ఇంగ్లీషు అనువాదంలో దాదాపు పావు వంతు ఎగిరిపోయింది, లెక్కల్లో తప్పులు కూడా ఉన్నాయి. అక్కడే ఎఫ్.పి. వాల్టర్ చేసిన అనువాదం కూడా ఉంది, అది దించుకో. ఫోన్‌లో చదివితే పదం మీద వేలు పెట్టగానే అర్థం వస్తుంది, అది మంచిదే, కానీ పేజీకి రెండుసార్ల కన్నా ఎక్కువ వద్దు.

మీ రూమ్‌మేట్ తెలుగు తప్ప చదవడన్నావు. అతన్ని వదిలేయకండి. తెలుగులో ఈ తరహా నవలలు తక్కువే, ఆ మాట దాచను, కానీ లేకపోలేదు. యండమూరి తులసిదళం ఇవ్వండి, జరుగుతున్నది చేతబడో జబ్బో చివరిదాకా తేలనివ్వని ఆ బిగువు ఇప్పటికీ పనిచేస్తుంది. దాసరి గారి సీరియల్స్, కాశీమజిలీ కథలు ఎలాగూ ఉన్నాయి. ధైర్యం ఉంటే పింగళి సూరన కళాపూర్ణోదయం కథ వచనంలో ఎక్కడైనా సంపాదించండి. పదహారో శతాబ్దపు కావ్యం, కానీ అందులో అసలు రంభ ఎవరో, రంభ వేషంలో ఉన్నది ఎవరో, అసలు నలకూబరుడెవరో తెలియక తికమకపడతాం, ఒక పసిపాప తన పూర్వజన్మ కథ చెప్పుకొచ్చేదాకా ముడి విడదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, మిగతా తొమ్మిదిమందీ అది చదవొచ్చు. అప్పుడు ఆ నెల చర్చలో అందరికన్నా ఎక్కువ తెలిసింది మీ రూమ్‌మేట్‌కే.

చివరిగా డ్యూన్. మార్షియన్, రామా, ఎర్త్‌సీ అయ్యాక నాలుగోసారి తెరువు. పుస్తకం వెనక పదకోశం ఉంటుంది, దాని జోలికి పోవద్దు. హీరో పాల్ వాళ్ల నాన్నతో కలిసి ఎడారి మీద ఎగురుతూ, ఆ గ్రహం ఇసుకలో దొరికే మసాలాను తవ్వే ఫ్యాక్టరీ యంత్రాన్ని ఇసుక పురుగు మింగడం కళ్లారా చూసే సీను ఒకటి వస్తుంది. అక్కడిదాకా చదువు. అప్పుడు కూడా నచ్చలేదంటే ఆ పుస్తకం నీది కాదు, పక్కన పెట్టేసి ఏ పేజీలో ఆపావో నాకు రాయి.